వీపు మీది పిన్ను

మూఢం వచ్చిందంటే పెళ్లిళ్లు లేక సూర్యాపేటలో ఫంక్షన్ హాళ్లు బోసిపోతాయి. వాటి యజమానులు దిగాలుగా కూర్చునే ఆ రోజులే మాకు పండగ రోజులు. పారాచూట్ పరచడానికి అంత పొడుగైన, నున్నటి, నీడపట్టు నేల మా చుట్టుపక్కల ఇంకెక్కడా దొరకదు. తాళం చెవి తీసుకుని, ముందుగా హాలంతా మేమే ఊడ్చేవాళ్లం. డెకరేషన్ వాళ్లు వదిలేసిన గుండుసూదులు, స్టేజీ కింద తలంబ్రాల బియ్యం, చమ్కీలు. ఒక్క గుండుసూది చాలు ఆ బట్టను పాడుచేయడానికి. పెళ్లి భోజనాల వాసన గోడల్లోంచి వస్తుండగా, ఫ్యాన్లు ఆపి, చెమటలు కక్కుకుంటూ ఛత్రీలు పరుచుకునేవాళ్లం. ఆర్మీలో పారాచూట్‌ను ఛత్రి అనే అంటారు. ఆ మాటే మా నోట్లో ఉండిపోయింది.

మేం ముగ్గురం. ముగ్గురమూ ఆర్మీలో ఉండగా విమానాల్లోంచి దూకినవాళ్లమే. నాది తిరుమలగిరి పక్క ఊరు, గొర్రెల కాపర్ల ఇల్లు. పెన్షన్ వచ్చాక సూర్యాపేటలో హైవే పక్కన లారీ టార్పాలిన్లు, బ్యాగులు, బెల్టులు కుట్టే షాపు పెట్టుకున్నాను. రెండో ఆయనది కోదాడ. మా ఇద్దరికంటే పెద్దవాడు, సుబేదార్‌గా రిటైరై టైర్ల షాపు పెట్టాడు. ఆయన్ను పెద్దాయన అనేవాళ్లం. మూడోవాడిది మిర్యాలగూడ అవతల, త్రిపురారం దగ్గర ఒక తండా. కాలువ కింద కొంచెం వరి పొలం ఉంది. నాకంటే ఆరేళ్లు చిన్న. ఆర్మీలో వాడి మొదటి జంప్‌కు వెనక నిలబడి భుజం తట్టింది నేనే. అప్పటినుంచీ నాకు వాడు తమ్ముడు, వాడికి నేను అన్న.

రిటైరయ్యాక కూడా ఆ పిచ్చి వదల్లేదు. ఉత్తరాదిన ఒక పాత ఎయిర్‌స్ట్రిప్‌లో చలికాలం సరదా జంపులు నడిపేవాళ్లు ఏడాదికి రెండు మూడుసార్లు మమ్మల్ని పిలిచేవాళ్లు. ముగ్గురం సెకండ్‌హ్యాండ్ కిట్లు కొనుక్కున్నాం. రైల్లో రెండు రోజులు ప్రయాణం చేసి, పసిపిల్లల్ని పెట్టుకున్నట్టు ఆ బ్యాగుల్ని ఒళ్లో పెట్టుకుని పోయేవాళ్లం. ఇంట్లోవాళ్లు తిట్టేవాళ్లు. తిట్టరా మరి, ఆ వయసులో అవేం పనులు?

జంప్ చేయడం గురించి అందరూ ధైర్యం అంటారు. ధైర్యం కాదు, అలవాటు. విమానం ఎక్కేముందు ఒకరి కిట్ ఇంకొకరు చూడాలి. పైనుంచి కిందికి, ముందునుంచి వెనక్కి. హెల్మెట్, ఛాతీ పట్టీ, రెండు హ్యాండిళ్లు, తొడ పట్టీలు. తర్వాత మనిషిని వెనక్కి తిప్పి వీపు మీది బ్యాగు చూడాలి. చూస్తూ మాట్లాడకూడదు. మధ్యలో ఎవడైనా పలకరిస్తే మళ్లీ హెల్మెట్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అంతా బాగుంటే భుజం మీద రెండు దెబ్బలు వేయాలి. ఆ రెండు దెబ్బలు పడితే తప్ప మాలో ఎవడూ కాలు కదిపేవాడు కాదు. సాయంత్రం దొడ్లోకి పోయే ప్రతి గొర్రె వీపు మీద మా నాయన చెయ్యి వేసేవాడు. నాకు ఆ అలవాటు చూస్తే అదే గుర్తుకొచ్చేది.

ఇందులో వీపు మీది పిన్ను సంగతి చెప్పాలి. బ్యాగును మూసి ఉంచేది ఒక చిన్న వంకర పిన్ను. వేలెడు పొడుగు కూడా ఉండదు. గట్టి దారంతో చేసిన ఒక ఉచ్చులో అది మొదలంటా దిగి ఉండాలి. సగం బయటికొచ్చిందంటే, విమానంలో గోడకు రాసుకున్నా ఊడిపోతుంది, ఛత్రి అక్కడే తెరుచుకుంటుంది. తలుపు దగ్గర అలా తెరుచుకుంటే ఆ ఒక్క మనిషితో పోదు, విమానంలో ఉన్న అందరి ప్రాణాల మీదికీ వస్తుంది. వందల జంపులు చేసినవాడైనా తన వీపు తాను చూసుకోలేడు. అక్కడ మాత్రం పక్కవాడి కళ్లే దిక్కు.

పెద్దాయన ఎప్పుడూ అనేవాడు, “కొత్తోడికి భయం కాపలా కాస్తుందయ్యా. మనకా భయం పోయి చాలా ఏళ్లయింది. మనల్ని ఎవరు కాస్తారు? ఎనకాల నిలబడ్డోడే కాయాలి.”

అందుకే మూఢాల్లో హాలులో కూడా, ఎగిరే విమానం లేకపోయినా, కిట్లు తొడుక్కుని వరసగా నిలబడి ఈ తంతు అంతా చేసేవాళ్లం. చేతులు మర్చిపోకుండా ఉండాలని. దానికో జరిమానా కూడా పెట్టుకున్నాం. ఎవరి కిట్‌లో తప్పు దొరికితే వాళ్లు అందరికీ ఛాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాలి. తప్పు పట్టినవాడు ఆ రోజంతా మీసం తిప్పుకోవచ్చు. ఇన్నేళ్లలో ఎక్కువసార్లు మీసం తిప్పింది నేనే. కుట్టుపని చేసేవాణ్ణి, దారం కాస్త పీచు లేచినా నా కంటికి దొరికేది. నా నోరు కూడా ఊరుకునేది కాదు. తప్పు దొరికితే నెలరోజులు ఆ ముచ్చట వదిలేవాణ్ణి కాదు.

ఆ సంవత్సరం మూఢంలో తమ్ముడు తన బిడ్డను హాలుకు వెంటబెట్టుకొచ్చాడు. ఇంటర్ చదువుతోంది. నాన్న విమానాల్లోంచి దూకుతాడని వినడమే తప్ప ఆ కిట్‌ను దగ్గర్నుంచి చూసింది లేదు. కుర్చీ వేసుకుని ఫోన్‌లో అన్నీ వీడియో తీసుకుంటోంది. వాడు ఒక్కో పట్టీ పట్టుకుని బిడ్డకు తమ లంబాడీ భాషలో చెబుతున్నాడు. వాడంత మురిసిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

దానికి వారం ముందే ఎయిర్‌స్ట్రిప్ నుంచి కబురొచ్చింది. ఈసారి గుంపు జంప్‌కు ముందుండి నడిపించేది తమ్ముడేనట. అన్నేళ్లూ ఆ పని నాది. నేను పైకి సంతోషమే చూపించాను. నేను నేర్పితే నేర్చుకున్నవాడు నన్ను దాటిపోతే గర్వపడాల్సింది పోయి, లోలోపల కుళ్లుకున్నాను. ఈ మాట రాయడానికి నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆ రోజు పొద్దున మొదటి వరసలో నా వెనక తమ్ముడు నిలబడ్డాడు. నా తొడ పట్టీ దగ్గర వాడి చెయ్యి ఆగింది.

“అన్నా, గీ పట్టీ కుట్టు జర పీచు లేశింది. ఇది మార్చాలె.”

“ఏడ? నా కుట్టుకా?”

“గీడ సూడు. కోపం జెయ్యకు అన్నా, పానం ముచ్చట.”

వంగి చూశాను. నిజమే. రెండు వేళ్లంత మేర కుట్టు వదిలింది. నలభై మైళ్ల అవతలి లారీవాళ్లు కూడా వెతుక్కుంటూ నా షాపుకొస్తారు, నా తొడ మీది కుట్టు నేను చూసుకోలేదు. పెద్దాయన పగలబడి నవ్వాడు. “కుట్టేవాడికే కుట్టూడిందయ్యా!” అన్నాడు. తమ్ముడి బిడ్డ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తలకొట్టేసినట్టయింది నాకు. ఛాయ్ తెప్పించాను. నా నోట్లో అది చేదుగానే దిగింది.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక రెండో వరస. ఈసారి తమ్ముడి వెనక నేను. పైనుంచి కిందికి వెతికాను. చూడటం కాదు, వెతకడమే. హెల్మెట్ బాగుంది. ఛాతీ పట్టీ సరిగ్గా మడిచి దూర్చి ఉంది. హ్యాండిళ్లు, తొడ పట్టీలు, అన్నీ బాగున్నాయి. వాడు పద్ధతైన మనిషి. వెనక్కి తిప్పి, బ్యాగు మీది మూత లేపి చూశాను. పిన్ను మొదలంటా దిగి ఉంది. ఉచ్చు కూడా కొత్తది, తెల్లగా మెరుస్తోంది.

ఒక్క తప్పు కూడా దొరకలేదు. అందుకని నేనే చేశాను. బొటనవేలితో పిన్నును సగం వరకు బయటికి లాగాను. రెప్పపాటు పని. వెంటనే గొంతు పెంచాను.

“ఓ పెద్దాయనా, జర ఇటు రాండ్రి! గుంపును నడిపించే సార్ పిన్ను సూడుండ్రి, సగం బయటనే ఉన్నది. బిడ్డా, మీ నాయన దుంకేటోడు గాదు, దుంకించేటోడు! ఇమానంల ఉన్నోళ్లందర్నీ ఒకేసారి దుంకిస్తడు!”

పెద్దాయన వచ్చి చూశాడు. ఈసారి నవ్వలేదు. “ఏంటయ్యా ఇది? నువ్వేనా? ఇట్టాంటిది నీ దగ్గర ఎప్పుడూ చూళ్లేదే,” అన్నాడు. తమ్ముడు తన వీపు చూసుకోవాలన్నట్టు మెడ వెనక్కి తిప్పాడు. అది ఎవరికీ సాధ్యం కాదు కదా. బిడ్డతో తమ భాషలో ఏదో అన్నాడు. ఆ అమ్మాయి ఫోన్ కిందికి దించి ఒళ్లో పెట్టుకుంది.

వాడు ఛాయ్ తెప్పించాడు, బిస్కెట్లు తెప్పించాడు. తాగుతూ చెప్పేద్దామనే అనుకున్నాను. అరేయ్ తమ్మీ, నవ్వులాటకు చేశాను రా, అంటే అయిపోయేది. కానీ పెద్దాయన అప్పటికే నా భుజం తట్టి, “నీ కన్ను కన్నేనయ్యా,” అనేశాడు. ఆ మాట నాకు చేతిలోని ఛాయ్ కంటే తియ్యగా ఉంది. రేపు ఫోన్ చేసి చెబుతాననుకున్నాను. మర్నాడు కూడా చెప్పలేదు.

చలికాలం రాగానే రైలెక్కాం. దారంతా తమ్ముడు తక్కువ మాట్లాడాడు. ఎయిర్‌స్ట్రిప్‌లో విమానం ఎక్కాం. పైకి పోయేకొద్దీ చెవులు దిబ్బెళ్లు వేస్తుంటాయి, మాటలు వినపడవు, చేతులతోనే అన్నీ. పెద్దాయన ముందుగా తలుపు దగ్గరికి పోయాడు. తమ్ముడు నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పైన ఇంకోసారి పిన్ను చూడటం మా పద్ధతి. వాడి బ్యాగు మూత మీద చెయ్యి వేశాను.

వాడు ఉలిక్కిపడి పక్కకు జరిగాడు. నా మొహంలోకి చూసి, చెయ్యి అడ్డంగా ఊపాడు. “వద్దు అన్నా,” అన్నది పెదవుల కదలికను బట్టి తెలిసింది. తర్వాత వెళ్లి పైలెట్ వెనక, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. మేమంతా దూకాం. వాడు విమానంతోపాటే కిందికి దిగాడు.

దూకకుండా విమానంలో దిగిరావడం తప్పేం కాదు. మనసు ఒప్పకపోతే దూకొద్దనేది మా మొదటి సూత్రం. ఆ పని చేసినవాణ్ణి చూసి ఎవరూ నవ్వకూడదు, ఎవరూ నవ్వలేదు కూడా. వాడే కిట్ విప్పి, నీట్‌గా మడిచి, ఇక చాలన్నాడు. పెద్దాయన ఎంతో బతిమాలాడు. “నీ చేతుల మీద నీకు నమ్మకం పోయిందేంటయ్యా? ఒక్క తప్పు ఎవరికైనా జరుగుద్ది,” అన్నాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. చెప్పాల్సిన సమయం అదే. కానీ ఆ రోజు చెబితే పెద్దాయన నన్ను మళ్లీ ఏ విమానం ఎక్కనిచ్చేవాడు కాదు. నా జంపులు కాపాడుకోవడానికి వాడి జంపులు పోనిచ్చాను.

ఆ తర్వాత వాడు కిట్‌ను ఎవరికో ఇచ్చేశాడు. దసరాకో ఉగాదికో ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడేవాడు. “బాగున్నవా అన్నా, వదిన బాగున్నదా, మోకాలు నొప్పి తగ్గిందా?” అంతే. మిర్యాలగూడ వైపు వెళ్లినప్పుడల్లా కలుద్దామనుకునేవాణ్ణి. త్రిపురారం బస్సు ముందు నిలబడి, ఎక్కకుండా వెనక్కి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. ఎత్తునుంచి దూకడానికి ఏనాడూ వెనకాడని కాళ్లు ఆ బస్సు మెట్టు ఎక్కేవి కావు. ఈలోగా నా మోకాలు పాడైంది, పెద్దాయనకు బీపీ వచ్చింది. హాలు తాళం చెవి అడగడం మానేశాం.

ఐదేళ్లు గడిచాయి. మొన్న వానాకాలంలో ఒక మనిషి నా షాపుకొచ్చాడు. మేళ్లచెరువు వైపు ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో ఎత్తు మీద పనిచేస్తాడట. సేఫ్టీ బెల్టు పట్టీ తెగితే కుట్టించుకోవడానికి తెచ్చాడు.

“ఇది నేను కుట్ట. ఎవ్వరు గూడ కుట్టొద్దు. కొత్తది అడుగు,” అన్నాను.

“మా బెల్టుల సారు గూడ గట్లనే అంటడు. మస్తు స్ట్రిక్ట్. ఇంతకుముందు ఇమానాలల్ల నుంచి దుంకేటోడంట. పతీ సోమారం మాకు ఒక్కటే కత జెప్తడు. ఒకసారి ఆయన ఈపు మీది పిన్ను సగం బయటికొచ్చిందంట. గందుకే పతోని బెల్టు ఇద్దరు సూడాలె అంటడు. ఒక్కడు సూస్తే ఒప్పుకోడు.”

చేతిలోని బెల్టు బల్ల మీద పెట్టేశాను. ఆ సారు మా తమ్ముడే. నేను కల్పించిన తప్పును వాడు తన తప్పనుకుని, వారం వారం పదిమంది ముందు నిలబడి ఒప్పుకుంటున్నాడు. ఇక ఆగలేకపోయాను. సోమవారం పొద్దున్నే బండి తీసి, కోదాడ మీదుగా మేళ్లచెరువు వెళ్లాను.

నేను వెళ్లేసరికి గేటు పక్క షెడ్డు కింద వాడు మాట్లాడుతున్నాడు. జుట్టు బాగా నెరిసింది. గొంతు అదే. ముందు వరసలో ఒకణ్ణి పిలిచి, బెల్టు చూశాడు. తర్వాత ఇంకొకణ్ణి పిలిచి మళ్లీ చూడమన్నాడు. నన్ను చూసి గుర్తుపట్టాడు, కొద్దిగా తల ఊపాడు, కానీ మాట ఆపలేదు. మధ్యలో ఆపితే మళ్లీ మొదటినుంచి చెప్పాలి కదా.

అది అయిపోయాక గేటు ఎదుట ఛాయ్ బండి దగ్గర కూర్చున్నాం. లారీలు పోతుంటే తెల్లటి దుమ్ము గ్లాసుల్లో పడుతోంది. ఛాయ్‌కు నేనే చెప్పాను. ఇంక ఆగితే మళ్లీ ఐదేళ్లు ఆగుతానని తెలుసు.

“తమ్మీ, ఆ పొద్దు హాలుల నీ పిన్ను మంచిగనే ఉండె. నేనే గుంజిన. నా బొటనయేలుతోని. నీ తప్పేం లేదురా. నీ చేతులది తప్పేం లేదు.”

వాడు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను.

“ఎరికే అన్నా,” అన్నాడు.

“ఏం ఎరికె?”

“బిడ్డ వీడియో తీశింది గద. ఆ పొద్దే ఇంటికి వొయినంక సూపెట్టింది. నీ యేలు మంచిగ కనవడ్తది.”

“మరెందుకు అడగలేదురా నన్ను? ఐదేండ్లు!”

“నువ్వే జెప్తవని సూశిన. రైల్ల రెండు దినాలు సూశిన. ఇమానంల గూడ అనుకున్న, ఎట్లన్న దుంకుదాం, అన్న మంచోడే, తమాషాకు జేశిండు అని. నీ చెయ్యి మూత మీద వడంగనే పెయ్యి జల్లుమన్నది.” వాడి గొంతులో కోపం లేదు. అదే నేను తట్టుకోలేకపోయాను. “నా చేతుల మీద నమ్మకం ఎప్పుడు వోలేదన్నా. నా ఈపు నేను సూస్కోలేను గద. సూశెటోని మీద నమ్మకం వొయినంక ఎట్ల దుంకాలె?”

అన్నేళ్లూ నేను వాడి తప్పును కల్పించానని బాధపడ్డాను. నిజానికి నేను తీసేసింది ఆ పిన్ను కాదు. వాడు చాలా ఏళ్లు కళ్లు మూసుకుని వీపు అప్పగించిన మనిషిని. ఇద్దరు చూడాలి అని వాడు ఆ పనివాళ్లకు చెబుతున్నది తనవల్ల కాదు, నావల్ల.

“వాళ్లకు నా సంగతి జెప్పినవా?” అని అడిగాను.

“ఎందుకు జెప్త? పిన్ను బయటికొచ్చింది అంట, గంతే. ఎవరు గుంజిండ్రో చెప్ప. నువ్వు నా అన్నవు గద.”

అప్పుడు ఏడ్చాను. ఛాయ్ బండి దగ్గర, నలుగురూ చూస్తుండగా. వాడు నన్ను ఊరుకోబెట్టలేదు, లేచి పోనూ లేదు. ఏడుపు అయిపోయేదాకా పక్కన కూర్చున్నాడు.

బయల్దేరుతుంటే బండి దాకా వచ్చాడు. నేను హెల్మెట్ పెట్టుకున్నాను. గడ్డం కింద పట్టీని వాడే పట్టుకుని చూశాడు, లాగి చూశాడు, కొంచెం బిగించాడు. చూస్తున్నంతసేపూ మాట్లాడలేదు. నేను బండి స్టార్ట్ చేయకుండా నిలబడ్డాను. మా పాత అలవాటు ప్రకారం భుజం మీద రెండు దెబ్బలు పడాలి. వాటికోసమే ఆగాను.

వాడు గేటు దగ్గరి వాచ్‌మెన్‌ను పిలిచాడు. “జర ఇటు రా, ఈ సారు పట్టీ నువ్వు గూడ ఒకపారి సూడు,” అన్నాడు. ఆ మనిషి వచ్చి, వంగి, నా గడ్డం కింద వేలు పెట్టి చూసి, బాగుందన్నాడు. తమ్ముడు తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు.